‘మా లెక్కలు మీకెందుకు?’ అనే వారి నుంచి మిర్చి లాటు వివరాలు రాబట్టడం ఎలా

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. గుంటూరులో ఎండుమిర్చి, కారం పొడి ఎగుమతి చేసే మధ్యతరహా సంస్థలో మీరు కొనుగోళ్ళు చూస్తున్నారు. ఐరోపా కొనుగోలుదారు ప్రతి కంటెయినరుకూ కాయ ఏ మండలం నుంచి వచ్చింది, ఎప్పుడు కోశారు, ఏ కోల్డ్ స్టోరేజీలో ఎన్నాళ్ళు ఉంది, ఏ మందులు కొట్టారు అన్న వివరాలు అడుగుతున్నాడు. మీరు సాఫ్ట్‌వేర్ కొని కమీషన్ ఏజెంట్లకూ, కోల్డ్ స్టోరేజీల వారికీ లాగిన్లు ఇచ్చారు. సీజను ముగిసినా ఒక్కరూ ఏమీ ఎక్కించలేదు. గట్టిగా అడిగితే “మా లెక్కలు మీకెందుకు?” అంటున్నారు. సాఫ్ట్‌వేర్ మార్చాలా, వారికి శిక్షణ ఇప్పించాలా అన్నది మీ సందేహం.

రెండూ వద్దు. ఇంకా తేలికైన సాఫ్ట్‌వేర్ తెచ్చినా ఇదే జరుగుతుంది. వారికి కంప్యూటర్ రాక కాదు ఇవ్వనిది. మిర్చి మార్కెట్ యార్డులో ధరలు, నిల్వలు, బ్యాంకు వ్యవహారాలన్నీ ఫోనులోనే నడుపుతున్న వారికి మీ తెర మీద నాలుగు గడులు నింపడం కష్టమేమీ కాదు. వారు ఇవ్వకపోవడానికి కారణం లెక్క. మీరు అడిగిన ప్రతి వివరానికీ మార్కెట్లో ఒక ధర ఉంది, మీరు దాన్ని ఉచితంగా అడిగారు. కాబట్టి ఒప్పించే ప్రయత్నం పక్కనపెట్టి, ఎవరు ఏ వివరం ఇస్తే ఏం పోగొట్టుకుంటారో ఒక్కొక్కరి పక్కనా రాసుకోండి. సగం సమాధానం అక్కడే దొరుకుతుంది.

ముందుగా కమీషన్ ఏజెంటు సంగతి. యార్డులో అతని అసలు ఆస్తి దుకాణం కాదు, రైతుల పేర్లున్న పుస్తకం. ఏ ఊళ్ళో ఎవరికి నాట్ల నాడే పెట్టుబడి ఇచ్చాడు, ఎవరి కాయ ఏటా ఒకే తీరుగా ఉంటుంది, ఎవరు మందుల దుకాణంలో బాకీ పడి తొందరగా అమ్ముకుంటారు, ఇవన్నీ ఆ పుస్తకంలోనో అతని తలలోనో ఉంటాయి. మీరేమో ‘రైతు పేరు, ఊరు, ఫోను నంబరు’ అని మూడు గడులున్న పట్టిక పంపారు. అది నింపితే వచ్చే ఏడు మీ మనిషి నేరుగా ఆ ఊరికే వెళ్తాడని అతను అనుకుంటాడు. అది అపోహ కూడా కాదు. ఎగుమతి సంస్థలు ఊళ్ళలో నేరుగా కొనడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది, అతను చూస్తూనే ఉన్నాడు. పైగా ఆ రైతు దగ్గర అతనికి రావలసిన అప్పు ఉంటుంది. కాయ అతని దుకాణం మీదుగా రాకపోతే ఆ అప్పు వసూలు కాదు. అంటే మీరు అడిగింది పేరు మాత్రమే కాదు, అతని బాకీల పుస్తకం.

ఇక్కడ ఒక చిన్న మార్పు చాలా తేడా తెస్తుంది. రైతు పేరు అడగకండి, ఒక సంకేత సంఖ్య అడగండి. ఏజెంటు తన రైతులకు తనే సంఖ్యలు ఇచ్చుకుంటాడు. ఏ సంఖ్య ఎవరిదో తెలిపే జాబితా అతని బీరువాలోనే ఉంటుంది. మీకు అందేవి సంఖ్య, మండలం, రకం, కోత కోసిన వారం, టిక్కీల (బస్తాల) సంఖ్య, అంతే. ఎప్పుడైనా లాటులో, అంటే ఒక విడతగా కొన్న సరుకులో, తేడా వస్తే ఆ ఒక్క సంఖ్యకు సంబంధించిన పేరు మాత్రం రెండు రోజుల్లో చెప్పాలి. ఈ షరతు రాతలో ఉండాలి. పేరు తెలిశాక కూడా ఫలానా కాలం వరకు ఆ రైతు దగ్గర మీరు నేరుగా కొనరని అదే కాగితంలో మీరూ రాసివ్వాలి. చాలామంది ఏజెంట్లు ఒప్పుకునేది ఈ రెండో వాక్యం చూసే.

“మరి కొనుగోలుదారు రైతు పేరే కావాలంటున్నాడు” అంటారేమో. నిజంగా అంటున్నాడా? ఐరోపా సమాఖ్య ఆహార చట్టం 178/2002లో సరుకు ఆచూకీ గురించి చెప్పేది 18వ అధికరణం. 2005 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో ఉన్నది ఒక్కటే: ప్రతి వ్యాపారీ తన వెనక ఉన్న ఒకరినీ, తన ముందున్న ఒకరినీ చూపగలగాలి. ఎవరి నుంచి కొన్నాను, ఎవరికి అమ్మాను, అంతే. ఆ పైన ఉండేది కొనుగోలుదారు సొంత కోరిక. దాని పైన మీ క్వాలిటీ విభాగం ‘ఎందుకైనా మంచిది’ అని చేర్చిన గడులు మరికొన్ని ఉంటాయి. ఈ మూడింటినీ విడదీసి చూస్తే మీ పట్టిక సగానికి తగ్గుతుందని నా అంచనా. కొనుగోలుదారుకు నిజంగా కావలసింది, సమస్య వస్తే దాని మూలం దాకా మీరు వెళ్ళగలరన్న భరోసా. సంకేత సంఖ్య, మీ ఒప్పంద పత్రం చూపిస్తే చాలామంది తృప్తి పడతారు.

కోల్డ్ స్టోరేజీ యజమానిది వేరే కథ. ఇతని దగ్గర మూడు రకాల సమాచారం ఉంది, మూడింటికీ మూడు భయాలు. ఒకటి, ఉష్ణోగ్రత లెక్కలు. కరెంటు పోయి, జనరేటరు ఆలస్యమై గది వేడెక్కిన రాత్రులు ప్రతి సీజనులోనూ ఉంటాయి. ఆ లెక్క మీ చేతికిస్తే రేపు రంగు తగ్గిందని నష్టపరిహారం అడుగుతారని అతనికి తెలుసు. రెండు, మొత్తం నిల్వ. లోపల ఏ రకం ఎన్ని టిక్కీలు ఉందో బయటికి పొక్కితే ధర కదులుతుంది, ఖాతాదారులు గొడవకు వస్తారు. మూడోది ఎవరూ పైకి అనరు: బాండు (సరుకు నిల్వ పెట్టినప్పుడు ఇచ్చే రసీదు) మీద ఉన్న పేరూ సరుకు అసలు యజమానీ అన్ని సార్లూ ఒకరే కారు. రైతు పేరుతో వ్యాపారి సరుకు నిల్వ ఉండటం ఈ ప్రాంతంలో వార్త కానే కాదు. ఆ తెర తొలగించమని మీరు అడిగితే అతను మీ ఫోను ఎత్తడు.

అందుకని రెండో, మూడో వాటిని ముట్టుకోకండి. అవి మీకు అక్కరలేదు కూడా. మీరు కొన్న లాటు ఏ తేదీన లోపలికి వెళ్ళింది, ఏ గదిలో ఉంది, ఎప్పుడు బయటికి వచ్చింది, ఈ మూడూ చాలు. కోల్డ్ స్టోరేజీలో సరుకు కదలకుండానే చేతులు మారుతుంది కాబట్టి మీరు కొన్న తేదీ వేరు, సరుకు లోపలికి వెళ్ళిన తేదీ వేరు. చాలా సంస్థల రికార్డుల్లో కొన్న తేదీ ఒక్కటే ఉంటుంది. లోపలికి వెళ్ళిన తేదీ బాండు మీదే ఉంటుంది. దాని ఫొటో తీసి పెట్టుకుంటే ఎవరినీ అడగనక్కరలేదు.

ఉష్ణోగ్రతకు అతని లెక్క కూడా అడగకండి. ఉష్ణోగ్రత, తేమ నమోదు చేసే చిన్న పరికరాలు ఇప్పుడు తక్కువ ధరకే దొరుకుతున్నాయి. మీ లాట్లలో అక్కడక్కడ ఒక టిక్కీలో ఒకటి పెట్టండి. ఆ సంగతి యజమానికి ముందే చెప్పి పెట్టండి, దొంగచాటుగా వద్దు. ఎన్ని గంటల పాటు ఎంత వేడి దాటితే మాట్లాడుకోవాలి, ఎంతవరకు మామూలే అనుకోవాలి అన్నది సరుకు దించే రోజునే తేల్చుకోండి. ఇది ఇద్దరికీ మంచిదే. నిజంగా గది చల్లగా ఉంచే యజమాని మీ పరికరం చూపిన లెక్కను మరో ఖాతాదారుకు చూపించుకుంటాడు. మీరే కొలుచుకోగలిగినదాన్ని ఎదుటివాడిని అడగకపోవడం ఈ మొత్తం వ్యవహారంలో నేను మొదట పాటించే సూత్రం.

రైతు దగ్గరికి వస్తే, మందుల వివరాలు. 2021లో నల్ల తామర పురుగు వచ్చిన దగ్గర్నుంచి మిర్చి పొలాల్లో పిచికారీల లెక్క ఎవరికీ అందనంతగా పెరిగింది. రెండు మూడు మందులు కలిపి కొట్టారు, దుకాణదారు ఏది ఇస్తే అది కొట్టారు. ఇప్పుడు ఆ రైతు ముందు ఒక డైరీ పెట్టి నింపమంటే, కొనేవాడికి నచ్చే సమాధానాలే నింపుతాడు. ఎక్కువ మందులు రాస్తే ధర తగ్గిస్తారని అతనికి తెలుసు. సీజను చివర ఒకే కలంతో, ఒకే చేతిరాతతో, ఒకే పూట రాసిన డైరీలు మీరూ చూసే ఉంటారు. ఆ కాగితాలను ఐరోపాకు పంపడం కంటే ఏమీ పంపకపోవడమే నయం.

నిజమైన రికార్డు పురుగుమందుల దుకాణం బిల్లులో ఉంటుంది. మందు పేరు, తేదీ, పరిమాణం అన్నీ అందులో ఉంటాయి. రైతు ఆ బిల్లులను దాచిపెట్టి తెస్తే క్వింటాలుకు ఇంత అదనం అని ముందే ప్రకటించండి, తెచ్చిన రోజే ఇచ్చేయండి. అందులో ఏ మందు ఉన్నా సరే ఆ అదనం ఇవ్వాలి. బిల్లు చూసి ధరలో కోత పెడితే మరుసటి వారం నుంచి ఎవరూ తేరు. ఆ లాటు ఏ దేశానికి పనికివస్తుందో పరీక్ష ఫలితాన్ని బట్టి మీరు తేల్చుకోండి. ఏ దేశపు పరిమితికి సరిపోతే ఆ ఆర్డరుకు మళ్ళించుకోవచ్చు. దేనికీ సరిపోకపోతే మాత్రం కొనకూడదు. ఆ సంగతి కూడా ముందే చెప్పి ఉంచాలి. పంట ఏ పొలంలో వేశారన్నదానికి ప్రభుత్వ ఈ-క్రాప్ నమోదు ఉండనే ఉంది. ఆ రసీదు ప్రతి చాలు, కొత్తగా సర్వే నంబర్ల పట్టికలు తయారు చేయనక్కరలేదు. ఆధార్ నంబర్లు మాత్రం పోగు చేయకండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా, అవసరం లేకుండా వ్యక్తుల వివరాలు దాచుకోవడం మీకే చిక్కు.

లారీల వారి గురించి ఎక్కువ ఆలోచించకండి. 2018 ఏప్రిల్ నుంచి ఈ-వే బిల్లు వచ్చాక, విలువ 50 వేల రూపాయలు దాటిన సరుకులో చాలా భాగానికి వాహనం నంబరు, బయలుదేరిన చోటు, తేదీ అన్నీ ఇప్పటికే ఒకచోట ఉన్నాయి. మళ్ళీ డ్రైవరు చేత యాప్‌లో నింపించడం దండగ.

ఇప్పుడు అసలు విషయం. ఇంతవరకు మీరు ఏం తీసుకోవాలో చెప్పాను. మీరేం ఇస్తున్నారు?

మీరు రాసినదంతా రెండుసార్లు చదివాను. ఏజెంటు ఇవ్వాలి, కోల్డ్ స్టోరేజీ ఇవ్వాలి, రైతు ఇవ్వాలి. మీ వైపు నుంచి వారికి వెళ్ళేది ఒక్కటీ కనపడలేదు. చాలా ఎగుమతి సంస్థల్లో ఇదే పరిస్థితి. లాటును ప్రయోగశాలకు పంపుతారు, రంగు విలువ, ఘాటు, తేమ, అఫ్లటాక్సిన్ (బూజు నుంచి పుట్టే విషం) అన్నీ తెలుస్తాయి, నివేదిక ఫైల్లోకి వెళ్ళిపోతుంది. కాయ అమ్మిన వాడికి “తేడా వచ్చింది” అన్న ఒక్క మాట తప్ప ఏమీ తెలియదు. ఎందుకు వచ్చిందో తెలియని వాడు వచ్చే ఏడు ఏం సరిచేస్తాడు? తేడా అన్న మాట ధర తగ్గించడానికి ఆడిన అబద్ధమనే అనుకుంటాడు.

ఆ నివేదిక పంపండి. బాగున్న లాట్లకు కూడా పంపండి. తేజ రకం కాయలో ఘాటు ఇంత వచ్చింది, రంగు ఇంత వచ్చింది అని కాగితం చేతికి వస్తే ఏజెంటు దాన్ని పట్టుకుని మరుసటి లాటుకు బేరమాడతాడు. ఆడనివ్వండి. ఆ కాగితం కావాలంటే సంకేత సంఖ్య సరిగ్గా ఉండాలి కాబట్టి, సంఖ్యలు సరిగ్గా రాయడం ఆనాటి నుంచి అతని అవసరం అవుతుంది. అఫ్లటాక్సిన్ విషయంలో ఇది మరీ ముఖ్యం. ఎండుమిర్చిలో బీ1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములు దాటకూడదన్నది ఐరోపా పరిమితి. బూజు కంటికి కనపడకముందే ఆ గీత దాటిపోవచ్చు. తేమ ఎక్కడ చేరింది, కల్లంలో ఆరకముందే కట్టారా, కాయ విరగకుండా నీళ్ళు చల్లారా, కోల్డ్ స్టోరేజీ నుంచి తీశాక చెమర్చిందా అన్నది ఒక్క మీ నివేదికతో తేలదు. నాలుగు చేతుల వివరాలు పక్కపక్కన పెడితేనే తేలుతుంది. ఈ మాట ఏజెంటుకు అర్థమయ్యేలా చెప్పగలిగితే చాలు.

నివేదిక కంటే వారు ఎక్కువ విలువిచ్చే సమాచారం ఇంకొకటి మీ దగ్గర ఉంది: డబ్బు ఎప్పుడు వస్తుంది. ఏజెంటు రైతుకు ముందు చెల్లించి మీ దగ్గర గడువు మీద వసూలు చేసుకుంటాడు. ఆ మధ్య రోజుల్లో అతని గుమాస్తా మీ అకౌంట్స్ విభాగానికి రోజూ ఫోన్ చేస్తాడు, మీ వారు “చూస్తాం” అంటారు. లాటు వివరాలు పూర్తిగా ఉన్న బిల్లులకు చెల్లింపు తేదీ అదే రోజు సందేశంలో వెళ్ళేలా పెట్టండి, ఆ తేదీని తప్పకండి. వివరాలు లేని బిల్లులు మామూలు వరుసలోనే వెళ్తాయి. శిక్షణ తరగతులు, బహుమతులు, టీ విందులు ఇవేవీ ఇంత పని చేయవు. దీనికి మీ ఎండీ గారు ఒప్పుకోవాలి, అదే కష్టం. అయినా మీరు ముందు ఒప్పించవలసింది ఏజెంట్లను కాదు, ఆయననే.

కోల్డ్ స్టోరేజీ వారికి ఇవ్వవలసింది సరుకు తీసే ప్రణాళిక. ఫలానా రోజు ఫలానా లాటు ఇన్ని టిక్కీలు అని రెండు రోజుల ముందే చెబితే హమాలీలను సర్దుకుంటారు. సరుకును ఒక్కసారిగా ఎండలోకి లాగకుండా నెమ్మదిగా బయటి వేడికి అలవాటు చేసి ఇస్తారు. చల్లని కాయను గుంటూరు వేసవి గాలిలోకి ఒక్కసారిగా తెస్తే దాని మీద నీరు పడుతుంది, గోనె తడుస్తుంది, ఆ తేమతోనే మీ గిడ్డంగికి వస్తుంది. మీరు ముందు రోజు రాత్రి ఫోన్ చేసి “పొద్దున్నే లారీ వస్తుంది” అంటే వారు చేయగలిగేది ఏమీ లేదు. ఒక తేదీ ముందుగా చెప్పినందుకు బూజు తగ్గడం నేను చూశాను. సమాచారం పంచుకుంటే లాభమేమిటని అడిగే వారికి నేను చెప్పే ఉదాహరణ ఇదే.

కొనుగోలు ప్రణాళిక మాత్రం వేరు, దాన్ని బయటపెట్టకండి. సప్లయ్ చెయిన్ పాఠాల్లో గిరాకీ సమాచారాన్ని అందరూ పంచుకోవాలని రాస్తారు. 1961లో అమెరికా ఆచార్యుడు జే ఫారెస్టర్ చూపించిన సంగతి నిజమే: చివరి గిరాకీలో చిన్న మార్పు వెనక్కి వెళ్ళేకొద్దీ పెద్ద ఊగిసలాటగా మారుతుంది, ఎవరికి వారు ఊహించి ఆర్డర్లు పెడతారు కాబట్టి. కానీ ఆ పాఠాల్లో ఎక్కువగా కనపడేది ముందే కుదుర్చుకున్న ధరతో నడిచే కర్మాగారం, దుకాణం. యార్డులో ధర ప్రతి ఉదయం కొత్తగా పుడుతుంది. మీకు నాలుగు కంటెయినర్ల తేజ కావాలని పది గంటలకు తెలిస్తే పదకొండు గంటలకు తేజ ధర వేరు. కాబట్టి కొన్న తరువాత చేసే పనుల సమాచారం పంచండి, కొనబోయే దాన్ని దాచుకోండి. తోటి ఎగుమతిదారులతో ధరలు, కొనుగోలు ఉద్దేశాలు పంచుకోవడం అసలే వద్దు. అది 2002 నాటి పోటీ చట్టం కిందికి వెళ్తుంది, అప్పుడు చిక్కు వేరే రకంగా ఉంటుంది.

అదే కారణంతో మీ పట్టికలో ధర అనే గడి ఉంటే వెంటనే తీసేయండి. లాటు ఆచూకీకి ధరతో పని లేదు. ధర గడి కనపడగానే మిగతా పట్టికంతా అనుమానాస్పదం అవుతుంది. ధర పడిపోతున్న ఏడాది ఎవరినీ నిల్వల మాట అడగకండి. 2025 ఫిబ్రవరిలో ధర ఎంత దిగజారిందంటే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించవలసి వచ్చింది. అలాంటి వాతావరణంలో గదిలో ఎన్ని టిక్కీలున్నాయన్నది అడిగిన వాడే శత్రువు.

ఇక వివరాలు అందే దారి. లాగిన్లు మూసేయండి. యజమాని మీతో కూర్చుని సరేనన్నా, రాయవలసింది గుమాస్తా. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అతనికి నిద్రే ఉండదు, మీ పాస్‌వర్డ్ గుర్తుంటుందా? యార్డులో, కోల్డ్ స్టోరేజీలో ఇప్పటికే పుట్టే కాగితాలున్నాయి: కాటా చీటీ, బాండు, గేటు పాసు. వాటి ఫొటో వాట్సాప్‌లో పంపితే చాలు, ఎక్కించే పని మీ ఆఫీసులో ఒక మనిషి చేస్తాడు. జీతం ఖర్చే కానీ మీరు కొన్న సాఫ్ట్‌వేర్ వార్షిక రుసుముతో పోల్చి చూడండి.

రకాల పేర్లు మాత్రం ముందే ఒక జాబితాగా కట్టి గోడకు అంటించండి. ఒకడు తేజ అని రాస్తాడు, ఇంకొకడు ఎస్17 అంటాడు. 334 అన్న చోట సన్నం అని రాసేవారున్నారు. తాలు కాయ (రంగు పోయిన నాసి కాయ) వేరుగా కట్టారా కలిపారా అన్నది కొందరు రాయనే రాయరు. టిక్కీ బరువు కూడా అందరికీ ఒకటి కాదు కాబట్టి టిక్కీల సంఖ్యతో పాటు కాటా బరువు తప్పనిసరి. గోనె మీద అంటించే కాగితపు లేబుళ్ళు చలి గదిలో నిలవవు. కుట్టేటప్పుడు మూతితో కలిపి కుట్టే బిళ్ళ వాడండి, దాని మీదే క్యూఆర్ కోడ్ వేయించుకోవచ్చు.

బ్లాక్‌చెయిన్ గురించి మీ కింద పనిచేసే కుర్రవాడు చెప్పాడన్నారు. మసాలా దినుసుల బోర్డు 2021లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమంతో కలిసి మన రాష్ట్రంలోనే మిర్చి, పసుపు రైతులతో అలాంటి ప్రయత్నానికి ఒప్పందం చేసుకుంది. ఆలోచన చెడ్డది కాదు. కానీ అది రాసినదాన్ని చెరపకుండా కాపాడుతుందే తప్ప రాసింది నిజమో కాదో చూడదు. ఒకే పూట రాసిన మందుల డైరీ అందులోకి ఎక్కితే ఆ అబద్ధానికి శాశ్వతత్వం వస్తుంది. ముందు కాగితం నిజం కానివ్వండి.

ఇంకో మాట సూటిగా చెప్పాలి. బిల్లు లేకుండా నడిచే జీరో వ్యాపారం ఉన్నచోట ఏ పద్ధతీ పనిచేయదు. సరుకే లెక్కల్లో లేనివాడు లాటు సంఖ్య ఎలా ఇస్తాడు? అలాంటి వారి దగ్గర కొంత చవగ్గా దొరకవచ్చు. ఆ కాయను ఐరోపా కంటెయినరులోకి మాత్రం రానివ్వకండి. 2003లో కారంలో కలిపిన సుడాన్ అనే నిషేధిత రంగు బయటపడినప్పుడు ఐరోపా మన మిర్చి ఉత్పత్తులకు ప్రతి సరుకుకూ పరీక్షా పత్రం తప్పనిసరి చేసింది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఆ రంగు కలిసిన కారం ఒక సాస్‌లోకి, ఆ సాస్ నుంచి వందల రకాల తినుబండారాలలోకి పాకి, అన్నింటినీ దుకాణాల నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఏ లాటు ఎక్కడికి వెళ్ళిందో చెప్పగలిగితే ఆ లాటు ఒక్కటే ఆగుతుంది. చెప్పలేకపోతే అంతా ఆగుతుంది. ఏజెంటుకు కూడా ఈ మాట ఇలాగే చెప్పండి: ఒక రైతు కాయలో తేడా వస్తే మీ దుకాణం నుంచి వచ్చిన లాట్లన్నీ ఆపకుండా ఆ ఒక్కటే ఆపడానికి ఈ సంఖ్యలు.

వీటన్నింటికంటే ముందు మీ సొంత ప్రాంగణంలో ఒక పరీక్ష చేయండి. గిడ్డంగిలోంచి ఒక కారం ప్యాకెట్టు తీసి, అందులో ఏయే లాట్ల కాయ ఉందో చెప్పమని అడగండి. గడియారం చూసుకోండి. గ్రైండింగ్‌కు ముందు రంగు, ఘాటు సరిచూడటానికి నాలుగైదు లాట్లు కలుపుతారు కదా, ఏది ఎంత కలిపారో ఫోర్‌మన్ జేబులో ఉన్న చీటీలో తప్ప ఎక్కడా ఉండదు. కొనుగోలు విభాగం తన లాటు సంఖ్య వాడుతుంది, గిడ్డంగి తన సంఖ్య వాడుతుంది, ప్రయోగశాల మూడోది. ఏజెంట్లు ఇవ్వడం లేదని మీరు బాధపడుతున్న ఆచూకీ చాలా సంస్థల్లో తెగేది మిక్సింగ్ తొట్టి దగ్గరే. అక్కడ తెగిపోతే బయటి నుంచి ఎంత చక్కటి సమాచారం వచ్చినా వృథా. ఇది సరిచేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు కాబట్టి ఇక్కడే మొదలుపెట్టండి.

ఒప్పంద పత్రం ఒక్క పేజీ దాటకూడదు, తెలుగులో ఉండాలి. ఏ వివరాలు, ఎవరు చూస్తారు, ఎన్నాళ్ళు దాస్తారు, దేనికి వాడరు, మాట తప్పితే ఏం చేస్తారు. ఇందులో ‘దేనికి వాడరు’ అన్న భాగం అన్నింటికంటే పొడుగ్గా ఉండాలి. వకీలు రాసిచ్చిన పన్నెండు పేజీల ఇంగ్లీషు పత్రం మీద సంతకం పెట్టేవాడు చదివి పెట్టడు, చదవని సంతకం గొడవ వచ్చిన రోజు పనికిరాదు.

అందరితో ఒకేసారి మొదలుపెట్టకండి. మీతో ఏళ్ళ తరబడి చేస్తున్న ఇద్దరు ఏజెంట్లు, ఒక కోల్డ్ స్టోరేజీ చాలు. ఐరోపా ఆర్డరుకు కావలసిన కాయ మొత్తం ఆ దారిలోనే కొనండి. మిగిలినవారికి ఏమీ చెప్పకండి. ఆ ఇద్దరికి డబ్బు చెప్పిన తేదీకే అందుతోందన్న సంగతి యార్డులో దానంతటదే తెలుస్తుంది. కోల్డ్ స్టోరేజీ యజమానితో మాట్లాడటానికి వేసవిలో యార్డు సెలవుల తరువాతి నెలలు మంచివి. కొత్త కాయ వచ్చాక ఆయన మీకు దొరకడు. ఏజెంట్లతో నాట్ల సమయంలో, పెట్టుబడులు ఇచ్చే ముందు కూర్చోండి, సంకేత సంఖ్యలు అప్పుడే వేసుకుంటారు.

ఈలోగా మీ కొనుగోలుదారు అడిగింది మండలం స్థాయి వివరమా, పొలం స్థాయి వివరమా అన్నది రాతపూర్వకంగా అడిగి తెప్పించుకోండి. పైన చెప్పినవన్నీ మండలం స్థాయికి సరిపోతాయి. పొలం స్థాయి అయితే యార్డు దారి వదిలి రైతు ఉత్పత్తిదారుల సంఘంతో నేరుగా ఒప్పందం చేసుకోవలసి ఉంటుంది, దాని ఖర్చు వేరు, ఆ ఖర్చు ఎవరు భరిస్తారన్నది ధర మాట్లాడేటప్పుడే తేల్చుకోవాలి.